పొరుగింటికి వెళ్లిన గిన్నె

మక్తబ్‌కు వచ్చే పిల్లలు మొదటి ఏడాదిలోనే కంఠస్థం చేసే చిన్న సూరాల్లో సూరె మాఊన్ ఒకటి. దివ్య ఖుర్ఆన్‌లో ఇది 107వ సూరా. ఉన్నవి ఏడే ఆయత్‌లు. అనాథను గెంటివేసేవాణ్ని, పేదకు అన్నం పెట్టమని చెప్పనివాణ్ని, నమాజ్ పట్ల ఏమరుపాటుగా ఉంటూ పరుల మెప్పు కోసం చేసేవాణ్ని హెచ్చరించి, చివరికి ‘మాఊన్’ ఇవ్వడానికి నిరాకరించేవారి ప్రస్తావనతో ఈ సూరా ముగుస్తుంది. మాఊన్ అంటే జకాత్ అని చెప్పిన పెద్దలున్నారు. హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) మాత్రం అది గొడ్డలి, కుండ, బొక్కెన వంటి వస్తువులని, ఇరుగుపొరుగు ఒకరినొకరు అడిగి తెచ్చుకుని తిరిగి ఇచ్చేవని వివరించారు.

మదరసాలో ఉస్తాద్ ఈ అర్థం చెప్పిన రోజున నాకది పెద్ద విషయంగా తోచలేదు. అడిగితే గిన్నె ఇవ్వనివాళ్లు కూడా లోకంలో ఉంటారా అనుకున్నాను. ఇప్పుడు వేరే చిక్కు వచ్చింది. ఇవ్వననేవాడు లేడు. అడిగేవాడే లేడు. వాడి పారేసే ప్లేటు, గ్లాసు, కవరు ప్రతి కిరాణా కొట్టులో దొరుకుతుంటే పక్కింటి తలుపు ఎవరు తడతారు?

ఈ మాట నాకు తట్టడానికి ఒక ఆవు కారణమైంది. మూడేళ్ల కిందట మా అన్నగారి అబ్బాయి వలీమా జరిగింది. మా ఊరు పాల్వంచ దాటి భద్రాచలం పోయే దారిలో ఉంది. ఊరు దాటితే అడవి మొదలవుతుంది. విందు బ్రహ్మాండంగా జరిగిందని అందరూ మెచ్చుకున్నారు. 500 మంది విందు అంటే లెక్క వేసి చూడండి. 500 ప్లేట్లు, మీఠాకు 500 కప్పులు, మనిషికి రెండు చొప్పున 1000 గ్లాసులు, 500 చెంచాలు. మొత్తం 2500 వస్తువులు. ఒక్కొక్కటి మన చేతిలో ఉన్నది మహా అయితే పావుగంట. మిగిలిన బిర్యానీని కవర్లలో మూటలు కట్టి, ఆ మూటల్లో కొన్నింటిని కూడా ఎంగిలి ప్లేట్లతో కలిపి రోడ్డు పక్క ఖాళీ జాగాలో పోశారు. పోస్తుంటే నేను చూశాను. చూసి ఇంటికి వెళ్లి ఇషా చేసుకుని పడుకున్నాను.

మా ఇంటికి పాలు పోసే ఆయన ఆవు ఆ కుప్ప దగ్గరికి వెళ్లింది. ఉప్పు వాసన, అన్నం వాసన తగిలితే పశువు ఆగదు. దానికి పై దవడలో ముందు పళ్లుండవు. నాలుకతో చుట్టి లోపలికి లాక్కుంటుంది. కవరును వేరు చేసి అన్నం మాత్రం తినడం దానికి చేతకాదు. లోపలికి పోయిన ప్లాస్టిక్ మొదటి పొట్టలోనే ఉండిపోయి ఉండగా చుట్టుకుంటుంది. అరగదు, ముందుకు కదలదు. కొన్ని రోజులకు ఆవు మేత మానేసింది, కడుపు ఉబ్బింది. పశువుల డాక్టరు వచ్చి పొట్ట కోసి కవర్లు తీశాడు. అయినా ఆవు దక్కలేదు.

పాలాయన మా గుమ్మం ముందుకు వచ్చి గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. ‘‘మీ పెండ్లి బువ్వే సారూ. మూట ముడి ఇప్పకుంటనే ఉన్నది’’ అన్నాడు. అన్నగారు నష్టపరిహారం ఇచ్చారు. ఆయన తీసుకున్నాడు. మరుసటి రోజు నుంచి మా ఇంటికి పాలు రాలేదు. పోయడానికి ఆయన దగ్గర ఆవు లేదు.

ఎవరి కీడు నుంచి అతని పొరుగువాడు సురక్షితంగా లేడో అతను విశ్వాసి కాడని మహాప్రవక్త (స) మూడుసార్లు అల్లాహ్‌పై ప్రమాణం చేసి చెప్పిన హదీసు నేను ఏటా పిల్లలకు పాఠం చెబుతాను. దారిలోంచి బాధ కలిగించే వస్తువును తొలగించడం ఈమాన్‌లో ఒక శాఖ అని కూడా చెబుతాను. ఆ వారం రెండూ చెప్పలేకపోయాను.

మెట్ల కింద గది

మా మసీదులో మెట్ల కింద ఒక గది ఉంది. జనాజా డోలా, పాత చాపలు, పాడైపోయిన ఫ్యాన్లు పెడతారు. ఆవు సంగతి మాట్లాడుకుంటున్నప్పుడు ఒక ముసలాయన, ‘‘బస్తీ బాసన్లు అందులో ఉండాలే’’ అన్నారు. తీసి చూశాం. నాలుగు రాగి డేగ్‌లు, రెండు లగన్లు, కఫ్గీర్లు, బాదియాలు, రికాబీలు, గ్లాసులు బయటపడ్డాయి. కళాయి పోయి రాగి నల్లబడింది. రికాబీల అంచున చుక్కలతో చెక్కిన పేర్లున్నాయి. కొన్ని ఉర్దూలో, కొన్ని తెలుగులో. అవి బతికున్నవాళ్ల పేర్లు కావు. తల్లిదండ్రుల పేరిట ఈసాలె సవాబ్ కోసం సంతానం ఇచ్చిన పాత్రలవి. ఒక బాదియా మీద మా నానీ పేరు ఉంది. ఆమె పోయిన ఏడాది మామూజాన్ ఇచ్చి ఉంటారు. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

ఫిఖ్‌హ్ చదువుకున్నవారికి గుర్తుండే ఉంటుంది. వక్ఫ్ అనగానే మనకు భూమి, మసీదు, దర్గా జ్ఞాపకం వస్తాయి. కదిలించగలిగే వస్తువులను వక్ఫ్ చేయవచ్చా అన్న చర్చలో, జనబాహుళ్యంలో వాడుక ఉన్న వస్తువులకు అది చెల్లుతుందని ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అభిప్రాయపడ్డారు. ‘హిదాయా’ గ్రంథంలో వాటికి ఇచ్చిన ఉదాహరణల్లో గొడ్డలి, రంపం, జనాజా మంచం, దాని మీద కప్పే బట్టలు, వంట కుండలు, డేగ్‌లు, ఖుర్ఆన్ ప్రతులు ఉన్నాయి. అంటే మన పెద్దలు మెట్ల కింద దాచిపెట్టమని ఈ గిన్నెలు ఇవ్వలేదు. వాటిలో పదిమంది తింటున్నంత కాలం ఇచ్చినవారికి పుణ్యం అందుతూ ఉంటుందన్నది వాళ్ల ఆశ. మనం తాళం వేసి, బజారు నుంచి థర్మకోల్ ప్లేట్లు తెచ్చుకున్నాం.

రాగి పాత్రకు కళాయి లేకుండా వండకూడదు. చింతపండు, పెరుగు తగిలితే చిలుము దిగుతుంది. ఒకప్పుడు మా వీధుల్లోకి తోలు తిత్తి, బొగ్గుల సంచి మోసుకుని కళాయిగర్లు వచ్చేవారు. వాళ్లలో మన వాళ్లే ఎక్కువ. చివరికి ఖమ్మంలో ఒక వృద్ధుడు దొరికాడు. పాత్రను ఎర్రగా కాల్చి, నవాసాగరం చల్లి, తగరం కడ్డీ రాసి, దూదితో ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా వెండిలా మెరిసింది. బడి పిల్లలు చుట్టూ చేరి కదలలేదు. నాకూ కదలబుద్ధి కాలేదు. ఈ పని నేర్చుకోవడానికి మీ ఇంట్లో ఎవరూ లేరా అని అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నాడు.

రికాబీలు చాలలేదు. చందా వేసి స్టీలు ప్లేట్లు, గ్లాసులు కొన్నాం. అన్నిటి మీదా మసీదు పేరు చెక్కించాం. ఇది మేము కనిపెట్టిన పద్ధతేమీ కాదు. మన రాష్ట్రంలోనే సిద్దిపేటలో ‘స్టీల్ బ్యాంకు’ పేరుతో పాత్రలు కొని పెట్టి, శుభకార్యాలకు ఇచ్చి తిరిగి తీసుకుంటున్నారు. చట్టం కూడా ఈ వైపే ఉంది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. 120 మైక్రాన్ల కంటే పలుచని క్యారీ బ్యాగులు అదే ఏడాది డిసెంబరు 31 నుంచి నిషిద్ధం. చట్టం ఉంది, సంతలో కవరూ ఉంది.

ప్లాస్టిక్ పోయింది కదా, పేపర్ కప్పులు వాడుతున్నాం అనేవారికి ఒక మాట. సారపాకలో కాగితపు అట్టల మిల్లు ఉండటం వల్లనో ఏమో, మా ప్రాంతంలో కాగితం అంటే మన సరుకే అన్న నమ్మకం ఎక్కువ. కానీ ఒట్టి కాగితం చాయ్‌ను ఆపలేదు. కప్పు లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి ద్రవం 15 నిమిషాలు ఆ కప్పులో ఉంటే 100 మిల్లీలీటర్లకు సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని ఐ.ఐ.టి. ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో తేల్చారు. ఇక వేడి నిహారీని, చాయ్‌ని కవర్లో పోయించుకుని వేలికి తగిలించుకుని వచ్చే అలవాటు గురించి ఏం చెప్పాలి? ఇంట్లో స్టీలు క్యారేజీ అటక మీద ఉంటుంది.

తోమేది ఎవరు?

ఇంతవరకు రాసింది ఇంట్లో చదివి వినిపిస్తే మా ఆవిడ ఒక ప్రశ్న వేసింది. ‘‘మసీదులో కూర్చుని మీరు తీర్మానం చేస్తారు. ఆ బాసన్లు తోమేది ఎవరు?’’

ఈ ప్రశ్నను దాటేసి ఎవరు ఏం రాసినా అది సగం మాటే. పారేసే ప్లేటు ఇంట్లోకి రావడానికి కారణం మగవాళ్ల బద్ధకం కంటే ఆడవాళ్ల అలసట. విందు అయిపోయాక అర్ధరాత్రి దాకా బావి దగ్గర కూర్చుని బూడిదతో అంట్లు తోమిన తరం వాళ్లది. ప్లాస్టిక్ గ్లాసు వాళ్లకు విడుదలగా కనిపిస్తే తప్పు పట్టలేం. దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే హజ్రత్ ఆయిషా (రజి), ఇంటివారి పనుల్లో నిమగ్నమై ఉండేవారని చెప్పారు. తన చెప్పు తానే కుట్టుకునేవారని, బట్ట తానే అతుకు వేసుకునేవారని కూడా రివాయత్‌లు ఉన్నాయి. ఈ సున్నత్ గురించి మన ప్రసంగాల్లో తక్కువ వినిపిస్తుంది.

మా కమిటీలో ఈ విషయం మీద వాదన జరిగింది. చివరికి పాత్రల అద్దెలోనే తోమే కూలీ కలిపాం. ఇద్దరికి పని దొరికింది. చిన్న విందులైతే వడ్డించిన కుర్రాళ్లే తోమాలి. మొదటిసారి వాళ్లు సణిగారు, రెండోసారి కూడా సణిగారు. నీళ్లు ఎక్కువ ఖర్చవుతాయన్నది నిజమైన అభ్యంతరమే. మహాప్రవక్త (స) ఒక ముద్ద్ నీళ్లతో, అంటే సుమారు ఒక లీటరుతో, వుజూ చేసేవారు. మనం కొళాయి తెరిచి పెట్టి గిన్నెలు కడుగుతాం. ముందు ఎంగిలి తుడిచేసి, ఒక తొట్టిలో రుద్ది, మిగతా రెండు తొట్టెల్లో జాడిస్తే నీళ్లు చాలా కలిసివస్తాయి. ఆ నీళ్లు మసీదు వెనక అరటి చెట్లకు పోతున్నాయి.

ఇంకొందరికి వేరే సందేహం. టెంటు హౌసు పళ్లెంలో ముందు ఎవరు ఏం తిన్నారో, అందులో తినవచ్చా అని. హజ్రత్ అబూ సఅలబా ఖుష్నీ (రజి) అన్య మతస్థుల పాత్రల గురించి ఇదే అడిగారు. వేరే పాత్ర దొరకకపోతే కడిగి అందులో తినమని ప్రవక్త (స) సెలవిచ్చారు.

పాత్రల మాట వచ్చింది కాబట్టి మా అడవి గురించి ఒక సంగతి. కోయగూడేల్లో ఎండిన సొరకాయ బుర్రలో నీళ్లు పోసుకుని పొలానికి పోతారు. అదే బుర్రలో కల్లు కూడా పోస్తారు. అరబ్బుల దగ్గరా ఇలాంటి సొరకాయ బుర్రలుండేవి. సారాయి పులియబెట్టే పాత్రలు కావడంతో, అబ్దుల్ ఖైస్ తెగ ప్రతినిధులు వచ్చినప్పుడు వాటి వాడకాన్ని ప్రవక్త (స) నిషేధించారు. తరువాతి కాలంలో ఏ పాత్రలోనైనా తాగవచ్చు, మత్తు కలిగించేది మాత్రం తాగవద్దని అనుమతి ఇచ్చారు. హదీసు చదివేటప్పుడు ‘దుబ్బా’ అంటే ఏమిటో హైదరాబాదు నుంచి వచ్చిన నా సహపాఠీలకు అర్థం కాలేదు. నాకు వెంటనే అర్థమైంది.

ఖుర్బానీ రోజు నల్ల కవరు

విందులు ఎప్పుడో గాని రావు. బక్రీద్ ఏటా వస్తుంది. ఆ మూడు రోజులు మన వీధుల్లో తిరిగే నల్ల కవర్ల లెక్క ఎవరైనా తీశారా? పచ్చి మాంసం పెట్టిన కవరు కడిగి మళ్లీ వాడుకోరు. అది మురుగు కాల్వలోకో, కుక్క నోట్లోకో పోతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. వరద తీశాక ఒడ్డు చెట్ల కొమ్మలకు ఆరేసిన బట్టల్లా కవర్లు వేలాడుతున్నాయి. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చినప్పుడు పరుపులు, పుస్తకాలు, టీవీలు పాడయ్యాయి. బురదలోంచి తీసి కడిగితే మళ్లీ పనికొచ్చినవి స్టీలు గిన్నెలు.

నా చిన్నతనంలో కసాయి దుకాణంలో మాంసం టేకాకులోనో, మోదుగాకులోనో చుట్టి ఇచ్చేవారు. ఆ ఆకులు ఇప్పటికీ మా అడవిలో ఉన్నాయి. మోదుగాకు, అడ్డాకు కోసి, పుల్లలతో గుచ్చి విస్తర్లు, దొప్పలు కుట్టే ఆదివాసీ స్త్రీలు ఉన్నారు. భద్రాచలం 1959 దాకా తూర్పుగోదావరిలో ఉండేది కాబట్టి అటువైపు ‘విస్తరి’ అంటే ఇటువైపు ‘ఇస్తారి’ అంటారు. పేరు ఏదైనా, వాన పడితే మట్టిలో కలుస్తుంది, పశువు తిన్నా ఫరవాలేదు. బజారులో ఆకులా కనిపించే మిషను ప్లేట్లు ఉంటాయి. వాటి కింద అట్ట, ప్లాస్టిక్ పొర ఉంటే అవి ఆకు కింద లెక్క కాదు. చించి చూసి కొనాలి. ఇండోనేషియాలో 2019 బక్రీద్‌కు జకార్తాలో ప్లాస్టిక్ మానమని, ‘బెసెక్’ అనే వెదురు బుట్టల్లో మాంసం పంచమని ప్రోత్సహించారు. వెదురు అల్లే మేదర్లు మనకూ ఉన్నారు.

మాంసం కోసం వచ్చేవాళ్లను గిన్నె తెచ్చుకోమంటే సరిపోతుంది కదా అని మా కమిటీలో ఒకరు అన్నారు. నాకది నచ్చలేదు. చేతిలో గిన్నెతో గుమ్మం ముందు వరుసలో నిలబడటం పేదవాడికి చిన్నతనం. మన గిన్నెలో పెట్టి మనమే వాళ్ల ఇంటికి పంపాలి. గిన్నె తరువాత వస్తుంది. దూరం వాళ్లకు దొప్పలు.

గిన్నె తిరిగి రావడం చిన్న విషయం కాదు. ఒకసారి దైవప్రవక్త (స) ఒక సతీమణి ఇంట్లో ఉండగా మరో సతీమణి ఒక పళ్లెంలో ఆహారం పంపారు. ఆ ఇంటి ఆమె రోషంతో సేవకుని చేతి మీద కొట్టగా పళ్లెం పడి పగిలింది. ప్రవక్త (స) స్వయంగా ముక్కలు ఏరి, చెదిరిన ఆహారాన్ని పోగుచేసి, మీ అమ్మకు రోషం వచ్చిందని అక్కడున్నవారికి సర్దిచెప్పారు. ఆ ఇంట్లోని మంచి పళ్లెం తెప్పించి, పగిలిన పళ్లెం గల ఆమెకు పంపారు. పగిలినది పగలగొట్టిన ఇంట్లోనే ఉండిపోయింది. మరొక సందర్భంలో తన గిన్నె బీటవారితే పారవేయక, బీట దగ్గర వెండి తీగతో బిగించారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు.

మన ఇళ్లలో ఒక ఆచారం ఉండేది. రంజాన్‌లో ఇఫ్తార్ పళ్లెం మీద ఖాన్‌పోష్ కప్పి పక్కింటికి పంపితే, ఆ పళ్లెం ఖాళీగా తిరిగి వచ్చేది కాదు. ఏమీ లేకపోతే పిడికెడు చక్కెరో, రెండు ఖర్జూరాలో వేసి పంపేవారు. హిందూ ఇళ్లలోనూ ఇదే మర్యాద. ప్లాస్టిక్ డబ్బాలో పంపిన హలీమ్‌కు ఈ తిరుగు ప్రయాణం ఉండదు. డబ్బా చెత్తలోకి పోతుంది, మాటా అక్కడితో ఆగిపోతుంది.

మా పాలాయన కొత్తగా ఒక ఆవును కొన్నాడు. కిందటి వేసవిలో ఆయన బిడ్డ పెండ్లి. ‘‘సారూ, మసీదుల బాసన్లు మాకు ఇస్తరా?’’ అని సంకోచంగా అడిగాడు. కమిటీలో ఒకరిద్దరు తటపటాయించారు. రిజిస్టరు తీసి చూశాం. ‘బస్తీ వాళ్ల వాడకానికి’ అని రాసి ఉంది. ఆయన ఇల్లు బస్తీలోనే ఉంది. డేగ్‌లు తప్ప అన్నీ ఇచ్చాం. డేగ్‌లు ఆయన వద్దన్నాడు, వాళ్ల వంట వేరు.

పెండ్లి అయిన మూడో రోజు ఎడ్లబండి మీద తెచ్చి దించాడు. లెక్క పెడితే రెండు గ్లాసులు తక్కువ వచ్చాయి. అన్నిటికంటే పైన మా నానీ పేరున్న బాదియా ఉంది. దాని మీద మోదుగాకు కప్పి ఉంది. తీసి చూస్తే నిండా అరిసెలు.